ఫైటర్ పైలట్ల పలుకుబడి

మన కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు "బాయి" అంటే నీళ్ళ బావి కాదనీ, బొగ్గు గని అనీ వేరే చెప్పనక్కరలేదు. మస్టరు, నాగా, డిప్పు, గోఫు, తట్టా చెమ్మస్ - ఇవన్నీ మనకు అన్నంలో ఉప్పులాగ కలిసిపోయిన మాటలు. బయటి ఊరి చుట్టం వస్తే ఈ మాటలు విని తెల్లమొహం వేస్తాడు. ప్రతి వృత్తికీ ఇలాంటి మాటల మూట ఒకటి ఉంటుంది. రైతుల మాటలు, చేనేత వారి మాటలు ఊరూరా తిరిగి సేకరించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి "మాండలిక వృత్తిపదకోశం"లో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. పని చేసే మనిషి నోటి మాటకూ విలువ ఉందని ఆ పుస్తకాలు చాటాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది యుద్ధ విమానాలు నడిపే వాళ్ళ మాటల గురించి. మైనింగ్ చదివినవాడికి ఆకాశంతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. భూమి లోపల పనిచేసేవాడికీ, భూమికి పైన ఎగిరేవాడికీ ఒక పోలిక ఉంది. ఇద్దరికీ తప్పు చేసి నేర్చుకొనే అవకాశం తక్కువ. అందుకే ఇద్దరి మాటలూ పొట్టిగా, గట్టిగా ఉంటాయి. ఆ పొట్టి మాటల వెనక ఎంత చదువు ఉందో చెప్పడమే నా ఉద్దేశం.

ఈ మాటలు నాకు మొదట చెప్పినవాడు మా హాస్టల్‌లో ఉండి వెళ్ళిన ఒక అన్న. ఆయన సెలక్షన్ గట్టెక్కి దుండిగల్ వెళ్ళాడు. కొన్ని నెలల తర్వాత ఫ్లయింగ్ నుంచి తప్పించారు. ఆయన సంగతి ముందు ముందు వస్తుంది.

మన పొరుగునే ఉన్న బడి

దుండిగల్ ఎక్కడో లేదు. హైదరాబాదు పక్కనే ఉంది. అక్కడి ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు శంకుస్థాపన చేశారు. 1971లో అది పని మొదలుపెట్టింది. దానికి దగ్గరలోనే ఉన్న హకీంపేట అంతకు ముందు నుంచీ జెట్ శిక్షణకు పేరు పొందింది. పొరుగున కర్ణాటకలో ఉన్న బీదర్‌ను కూడా కలుపుకొంటే, మన దేశపు ఫైటర్ పైలట్లలో ఎక్కువ మంది రెక్కలు విప్పింది ఈ చుట్టుపక్కలే అని చెప్పవచ్చు. మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు - అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ - ఈ బాటలోనే నడిచారు. దుండిగల్‌లో పిలాటస్ విమానం మీద ఓనమాలు దిద్దుకొని, హకీంపేటలో కిరణ్ జెట్ నడిపి, 2016 జూన్ 18న దుండిగల్‌లో అధికారులుగా నియామకం పొందారు. ఆ తర్వాత బీదర్‌లో హాక్ జెట్ మీద పై శిక్షణకు వెళ్ళారు.

హైదరాబాదు పేరు ఆకాశానికి ఎక్కడం అంతకన్నా పాత కథ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు సమకూరిన బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు "హైదరాబాద్" అన్న పేరు పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ ఆ పేరే వచ్చింది. 1940లో ఇంగ్లండు మీద జరిగిన గగన యుద్ధంలో ఆ దళం స్పిట్‌ఫైర్ విమానాలతో పోరాడింది. నేటి ఫైటర్ పైలట్ల మాటల్లో చాలా వాటికి పురిటిగది ఆ రోజుల బ్రిటిష్ దళమే. 1932లో ఏర్పడిన మన వైమానిక దళం ఆ మాటలను విమానాలతో పాటే అందుకొంది.

మాట పూర్తయ్యేలోగా ఎంత దూరం?

మాటలు ఎందుకు పొట్టివో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. హకీంపేట, భద్రాచలం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. రెంటికీ నడుమ గాలిలో దూరం సుమారు 250 కిలోమీటర్లు. మనకు బస్సులో అది ఒక రాత్రి ప్రయాణం. ఊరికే లెక్క కోసం, ఒక జెట్ గంటకు 780 కిలోమీటర్ల వేగంతో తిన్నగా తూర్పుకు వచ్చిందనుకొందాం. నిమిషానికి 13 కిలోమీటర్లు. 19 నిమిషాల్లో గోదావరి కనిపిస్తుంది. కొత్తగూడెం దాటాక భద్రాచలం చేరడానికి రెండున్నర నిమిషాలు చాలు. సెకనుకు 217 మీటర్లు. "అన్నా, నీ కుడి పక్కన వెనకాల ఏదో విమానం వస్తున్నట్టుంది, చూసుకో" అనడానికి మూడు సెకన్లు పడితే ఆ లోపల 650 మీటర్లు గడిచిపోయాయి! ఎదురుగా వచ్చేది కూడా అదే వేగంతో వస్తే ఆ దూరం రెట్టింపు.

కింద దారి గుర్తుపట్టడం మరో విద్య. తక్కువ ఎత్తులో ఎగిరే శిష్యుడు ముందుగా మ్యాపు మీద గీత గీసుకొని, ఏ నిమిషానికి ఏ గుర్తు కింద నుంచి పోవాలో రాసుకొంటాడు. ఇంజనీరింగ్ చదివినవాడైతే కర్మాగారాల పొగగొట్టాల మీద నమ్మకం పెట్టుకొంటాడేమో! పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో తరతరాలుగా మనకు కొండగుర్తులుగా ఉన్న పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కొద్ది సెకన్లలో నేలమట్టం చేశారు. పాత మ్యాపు పట్టుకొని వచ్చినవాడికి అవి కనిపించవు. పేర్లూ మోసం చేస్తాయి. భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉందని తెలియక దిగి తికమకపడ్డ యాత్రికులను మనం చూడలేదా? అందుకే గురువులు నది వంపు, రైలు మార్గం, చెరువు ఆకారం వంటి గట్టి గుర్తులను ఒకటికి రెండు చూసి పోల్చుకోమంటారు. ఒకే గుర్తును నమ్మి, అడవి మీద అడవిని చూస్తూ పోతే అన్ని కొండలూ ఒకలాగే ఉంటాయి.

మాటల మూట

ఇక మాటలకు వద్దాం. రేడియోలో "బోగీ" అని వినిపిస్తే మనకు రైలు పెట్టె గుర్తుకొస్తుంది. వాళ్ళకు అది ఇంగ్లీషు వాళ్ళ బూచివాడు - ఎవరిదో తెలియని విమానం. శత్రువుదే అని తేలితే "బాండిట్", అంటే బందిపోటు. ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నది కాదు. బోగీని చూసి తొందరపడి కాలిస్తే అది మనవాడే కావచ్చు.

శత్రువు కంటపడితే "ట్యాలీ". ఇంగ్లీషు దొరలు నక్కల వేటలో వేసే "ట్యాలీ హో" కేక నుంచి వచ్చింది. శత్రువు కనిపించకపోతే "నో జాయ్". తనవాడు కనిపిస్తే "విజువల్". తనవాడు కనిపించకపోతే "బ్లైండ్". చూడండి, "కనిపించడం లేదు" అని మనం ఒకే మాటతో సరిపెట్టేదాన్ని వాళ్ళు రెండు మాటలు చేశారు. శత్రువు కనిపించకపోవడం ఒక ప్రమాదం, మిత్రుడు కనిపించకపోవడం ఇంకో ప్రమాదం. మొదటి దానిలో తూటా భయం, రెండో దానిలో ఢీకొనే భయం. మందు వేరైనప్పుడు జబ్బు పేరు కూడా వేరుగా ఉండాలి కదా!

దిక్కులకు గడియారం ఆధారం. ముక్కు ముందు పన్నెండు, కుడి చెయ్యి మూడు, తోక వెనక ఆరు. "చెక్ సిక్స్" అంటే వెనక చూసుకో అని. ఎత్తును "ఏంజెల్స్"లో చెబుతారు. ఏంజెల్స్ పది అంటే పదివేల అడుగులు. "బింగో" అంటే మన హౌసీ ఆటలో గెలుపు కేక. అక్కడ మాత్రం ఇల్లు చేరడానికి సరిపోయే ఇంధనమే మిగిలింది, ఇక ఆట చాలు అని అర్థం. "రోజర్" అంటే నీ మాట అందింది అని మాత్రమే. పాత అక్షరమాలలో ఆర్ అక్షరానికి రోజర్ అనేవారు. ఇప్పుడు దానికి రోమియో వచ్చినా రోజర్ పదవి పోలేదు. అందిన మాట ప్రకారం చేస్తానని చెప్పాలంటే "విల్కో" అనాలి. వినడం వేరు, చేయడం వేరు - ఇది మన విద్యార్థి లోకం కూడా నేర్చుకోవలసిన వ్యాకరణం!

ప్రాణాపాయంలో మూడుసార్లు అనే "మేడే"కూ మే నెలకూ సంబంధం లేదు. "నాకు సాయం చేయండి" అన్న ఫ్రెంచి మాటను పోలి ఉండేటట్టు 1920లలో లండన్ క్రాయిడన్ విమానాశ్రయపు రేడియో అధికారి మాక్‌ఫర్డ్ కట్టిన మాట అది. అక్కడి నుంచి పారిస్ పోయే విమానాలు ఎక్కువ కాబట్టి ఇద్దరికీ అర్థమయ్యే మాట కావలసి వచ్చింది.

కుర్చీలో విమానం

శిక్షణలో ఉన్నవాడి రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. ముందు వాతావరణం చెబుతారు. తర్వాత ఆనాటి పని చెబుతారు. దాన్ని "బ్రీఫింగ్" అంటారు. ఒకసారి ఎగిరి దిగడం "సార్టీ". దిగాక జరిగేది "డీబ్రీఫ్". గాలిలో ముప్పావు గంట ఉంటే నేల మీద దాని ముందూ వెనకా గంటల తరబడి లెక్కలు, ప్రశ్నలు, చివాట్లు. రాత్రి హాస్టల్ గదిలో "చెయిర్ ఫ్లయింగ్" ఉంటుంది. అంటే మామూలు కుర్చీలో కళ్ళు మూసుకొని కూర్చుని, చేతిలో లేని స్టిక్కును కదుపుతూ, పైకి చదువుతూ, రేపటి సార్టీని మొదటి నుంచి చివరి దాకా ఎగరడం. చూసినవాళ్ళకు పిచ్చి ముదిరిందనిపిస్తుంది. మన వైవా ముందు రాత్రి వరండాలో తిరుగుతూ తనలో తాను మాట్లాడుకొనే మిత్రుడితో పోల్చుకొంటే అది పిచ్చి కాదని తెలుస్తుంది.

ఒక రోజు దిగిన తర్వాత గురువు పట్టీలు విప్పుకొని, "ఇక నువ్వొక్కడివే వెళ్ళిరా" అంటాడు. అదే "సోలో". పక్క సీటు ఖాళీ. అంతవరకు చెవిలో మోగిన చివాట్లు లేని ఆ నిశ్శబ్దమే అన్నిటికన్నా భయం వేసిందని మా అన్న చెప్పాడు.

వాళ్ళ మాటల్లో నాకు అన్నిటికన్నా లోతుగా తోచింది "విమానం వెనకబడడం". విమానం ముందు పోతూ ఉంటుంది, నడిపేవాడి బుద్ధి వెనకాల పరుగెత్తుతూ ఉంటుంది. చేయవలసిన పని గుర్తొచ్చేసరికి దాని సమయం దాటిపోతుంది. అలాంటప్పుడు పట్టుకోవడానికి ఒక వరస నేర్పుతారు. మొదట విమానాన్ని సరిగా ఎగరనీ, తర్వాత ఎక్కడున్నావో చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు.

మా అన్న ఆగిపోయింది అక్కడే. "నేను విమానం వెనకబడిపోయిన తమ్మీ. సార్లు మస్తు సూసిండ్రు. మూడు చెక్కులు ఇచ్చిండ్రు. ఆఖరికి సస్పెండ్ చేసిండ్రు" అన్నాడు. మన కాలేజీలో సస్పెండ్ అంటే శిక్ష. అక్కడ దాని అర్థం ఫ్లయింగ్ శిక్షణ ఆపి వేరే శాఖకు పంపడం. "బాధ అనిపించలేదా?" అని అడిగాను. "అనిపించింది. కానీ మొహమాటానికి పాస్ చేసి ఉంటే ఇయ్యాల నీతోటి మాట్లాడెటోన్ని కాదేమో" అన్నాడు. ఆయన నేల మీది శాఖలో ఉద్యోగం చేసి మర్యాదగా రిటైరయ్యాడు.

ఒంటి మీద తొమ్మిది మంది

ఫైటర్ విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు మనిషి బరువు పెరుగుతుంది. దాన్ని "జీ" లెక్కలో చెబుతారు. తొమ్మిది జీల దగ్గర 60 కిలోల కుర్రవాడు 540 కిలోలు తూగుతాడు. అంటే తన మీద తనలాంటి వాళ్ళు ఇంకా ఎనిమిది మంది కూర్చున్నట్టు. తల, హెల్మెట్ కలిపి ఆరేడు కిలోలనుకొంటే అవి 60 కిలోల బస్తా అవుతాయి. నెత్తురు తలలో నుంచి కాళ్ళలోకి జారుతుంది. మొదట రంగులు పోయి లోకం బూడిద రంగుకు తిరుగుతుంది - అది "గ్రే అవుట్". చూపు పోతే "బ్లాక్ అవుట్". ఆ పైన స్పృహే పోతుంది. దీన్ని ఆపడానికి కాళ్ళనూ పొట్టనూ గాలితో బిగించే "జీ సూట్" తొడుగుతారు. దానితో పాటు కాళ్ళ కండరాలు బిగబట్టి, ఊపిరి పట్టి పట్టి వదిలే పద్ధతి నేర్పుతారు. ఇంత బరువు కింద నలుగుతూ వెనక్కి తల తిప్పి ఆరు గంటల దిక్కు చూసేవాడి నోట పొడుగాటి వాక్యాలు రావు.

నిచ్చెనలో లేని మెట్టు

మాటలు ఎంత బాగున్నా శిక్షణలో ఒక మెట్టు లేకపోతే ఏమవుతుందో మన దేశ అనుభవమే చెబుతుంది. 1963లో మిగ్-21 విమానాలు మన దళంలో చేరాయి. ఎంత గొప్ప విమానమో అంత కఠినమైన విమానం. గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగంతో నేల మీదికి దిగేది. నెమ్మది జెట్ల మీద నేర్చుకొన్న ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాళ్ళు నడుమ మెట్టు లేకుండా దాని మీదికి ఎక్కవలసి వచ్చింది. ప్రమాదాలు పెరిగాయి. 1982లో లా ఫాంటెయిన్ కమిటీ ఈ సంగతి పరిశీలించి, ఆధునిక జెట్ ట్రెయినర్ కావాలని సిఫారసు చేసింది. హాక్ విమానాల కొనుగోలు ఒప్పందం కుదిరింది 2004లో. బీదర్‌లో అవి దళంలో చేరింది 2008 ఫిబ్రవరిలో. సిఫారసుకూ అమలుకూ మధ్య పాతికేళ్ళు! పత్రికలు మిగ్-21కు "ఎగిరే శవపేటిక" అని పేరు పెట్టాయి. దాన్ని నడిపినవాళ్ళలో చాలామందికి ఆ పేరు నచ్చేది కాదు. తప్పంతా విమానం మీదికి నెట్టేస్తే నిచ్చెనలో లేని మెట్టు సంగతి మరుగున పడిపోతుంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. అరవై రెండేళ్ళ సేవ.

లీడరు, నంబర్ టూ

ఫైటర్లు ఒంటరిగా పోవడం అరుదు. ముందు "లీడరు", పక్కన "నంబర్ టూ". లీడరు వెనక చూపు నంబర్ టూ కళ్ళలో ఉంటుంది. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో బటాలిక్ ప్రాంతం మీద ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత - ఇంటిపేరు తెలుగువాళ్ళకు పరిచయమైనదే - మిగ్-27 నుంచి రాకెట్లు ప్రయోగించాక ఇంజను ఆగిపోయింది. దీన్ని "ఫ్లేమ్ అవుట్" అంటారు, పొయ్యి ఆరిపోవడం. మళ్ళీ అంటుకోలేదు. ఆయన "ఇజెక్ట్" అయ్యాడు. అంటే సీటుతో సహా పైకి ఎగిరి పారాషూట్‌తో దిగాడు. పాకిస్తాను సైన్యానికి చిక్కి జూన్ 3న విడుదలయ్యాడు. ఆ ఎగిరే సీటు ప్రాణం కాపాడుతుంది గాని వెన్నెముకను వదలదు. నడుము దెబ్బ వల్ల ఆయన తర్వాత ఫైటర్లు వదిలి రవాణా విమానాలకు మారవలసి వచ్చింది.

అదే రోజు మిగ్-21లో ఉన్న స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా తిరిగి పోకుండా, నచికేత ఎక్కడ దిగాడో చూడడానికి అక్కడే ఉండిపోయాడు. క్షిపణి తగిలింది. ఆయన తిరిగి రాలేదు. వీరచక్ర ప్రకటించారు. "బ్లైండ్", "విజువల్" అన్న మాటల అసలు బరువు ఇక్కడ తెలుస్తుంది. తనవాడు కనిపించకపోవడం ఆ వృత్తిలో ఒక సమాచారం మాత్రమే కాదు, ఒక బాధ్యత.

ఎవరైనా అనగలిగే మాట

చివరికి మిగిల్చుకొన్న మాట ఒకటి ఉంది. అమెరికా వైమానిక దళపు శిక్షణలో "నాక్ ఇట్ ఆఫ్" అంటారు. "ఇక ఆపండి" అని అర్థం. ఉత్తుత్తి యుద్ధం జరుగుతుండగా ఎవరికి ప్రమాదం తోచినా ఈ మాట అనవచ్చు. లీడరే అననక్కరలేదు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రవాడు అన్నా అందరూ ఆట ఆపి తీరాలి. ఎందుకు ఆపావని గాలిలో ఎవరూ అడగరు. దిగాక మాట్లాడుకొంటారు. డీబ్రీఫ్‌లోనూ హోదా పక్కన పెట్టి, ముందుగా ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకొనే అలవాటు మంచి స్క్వాడ్రన్లలో ఉంటుంది.

ఈ మాట విన్నప్పుడు నాకు నా మూడో సంవత్సరం ప్రాక్టికల్ ట్రైనింగ్ గుర్తుకొచ్చింది. ఒక బాయిలో దిగాం. పెద్దవయసు సర్దార్ ఒకాయన కర్రతో పైకప్పు తడుతూ ముందు నడుస్తున్నాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, విడిపోయిన కప్పు బోలుగా మోగుతుంది. ఆయన ఎవరో పిలిస్తే పక్కకు వెళ్ళాడు. నేను సరదాగా కర్ర తీసుకొని తట్టాను. ఒకచోట బోలుగా మోగింది. పక్కన అనుభవమున్న కార్మికులు నిలబడి ఉన్నారు. వాళ్ళకు తెలియదా, స్టూడెంటును నేనెవరిని చెప్పడానికి అనుకొని ఊరుకొన్నాను. సర్దార్ తిరిగి వచ్చి అక్కడే తట్టి, అందరినీ వెనక్కి తోశాడు. ఆ షిఫ్టు పూర్తి కాకముందే అక్కడ కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

పైకి వచ్చాక ఆయనతో ఉన్న మాట చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "బిడ్డా, బాయిల స్టూడెంటు, మేనేజరు అని ఉండది. సప్పుడు ఇన్నోడు సెప్పాలె" అన్నాడు. ఆ ఒక్క మాటలో నాక్ ఇట్ ఆఫ్ మొత్తం ఉంది. అది నాకు ఇంగ్లీషులో తెలియడానికి ఇంకా ఏళ్ళు పట్టింది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు దుండిగల్ గేటు ముందు నిలబడవచ్చు. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్షకు బాగా సిద్ధపడి వెళ్ళండి. అడవి అంచు ఊళ్ళ వాళ్ళం, మనకెందుకని వెనకాడకండి. ఎక్కువ మంది బాయిల్లో, ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో స్థిరపడతారు. ఎక్కడున్నా ఆ పైలట్ల మాటల్లో బోగీ, బింగో మరిచిపోయినా ఫరవాలేదు. బోలు చప్పుడు మీ చెవిన పడ్డ రోజున, పక్కన ఎంత పెద్దవాళ్ళున్నా, "ఆపండి" అన్న మాట మాత్రం గొంతులో ఆగిపోకుండా చూసుకోండి. నేను ఆ రోజు అనలేకపోయాను.